ఉసిరికాయయు ఉప్పురాయియు
(రక్తపు పోటును గూర్చి యొక పాఠము)

గడచిన మార్గశిర మాసమున మన సంఘపు గోదాము వద్ద ఎరువుల పంపకము జరుగుచుండగా ఒక వృద్ధ సభ్యుడు మాకొక సీసాను చూపి, "అయ్యా, ఇది త్రాగినచో రక్తపు పోటు కుదురునని సంతలో చెప్పి ఇచ్చినారు. డాక్టరుగారి మాత్రలు మానివేసినాను. తప్పు లేదు గదా?" అని అడిగెను. సీసాలోనిది ఉసిరి రసము. ఆయన పొలము గట్టుననే ఉసిరిచెట్టు కాచి కాయలు రాలిపోవుచుండుట మే మెరుగుదుము. మాత్రలు మాని అప్పటికి ఇరువది దినములైనదట! వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తోడిచ్చి పంపగా, పోటు కొలతలో పై యంకె 180 దాటియుండెను. ఇట్టివారు మనలో ఇంకను కలరేమోయను భయముచే ఈ పాఠమును వ్రాయుచున్నాము.

గుండె నుండి వెడలిన రక్తము నాళముల గోడలపై చూపు ఒత్తిడియే రక్తపు పోటు. మోటారు నడుచుచుండగా గొట్టపు నోటిని వ్రేలితో నొక్కినచో నీరెంత బలముగా చిమ్మునో చూచియే యుందురు. నాళములు బిగిసినపుడు దేహమందును అట్లే జరుగును. పోటును రెండంకెలతో చెప్పుదురు. గుండె ముడుచుకొన్నప్పటిది పై యంకె, సడలినప్పటిది క్రింది యంకె. 120, 80లకు లోబడియున్న మేలు. వేరువేరు దినములందు కొలిచినను 140 గాని 90 గాని తగ్గకున్నచో దానిని రోగముగా నెంచవలెను. చాలమందికి దీనివలన ఏ బాధయు తోచదు. పక్షవాతము వచ్చిన నాడో, గుండెకు దెబ్బ తగిలిన నాడో, మూత్రపిండములు చెడిన నాడో బయటపడును.

ఇది పట్టణవాసుల రోగమనియు, అడవిగాలి పీల్చువారికి రాదనియు పలువురు నమ్మియున్నారు. ఆ నమ్మకము సరికాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు తెలుగునేలతో సహా తొమ్మిది రాష్ట్రముల గిరిజన గ్రామములలో వయస్సు వచ్చిన వారిని పరీక్షించి 2015లో ప్రకటించిన ఫలితములను బట్టి, స్త్రీలలోను పురుషులలోను నలుగురికి ఒకరు చొప్పున ఈ పోటు గలవారే. పొగాకును మద్యమును సేవించువారిలో మరింత హెచ్చు. కావున చర్ల, దుమ్ముగూడెము అడవిపల్లెలలోని కోయ, కొండరెడ్డి సోదరులును, ఖమ్మము మెరకలలో మిరప పండించు రైతులును ఈ విషయమున ఒకే పడవలోనివారు.

ఇక ఉసిరి రసము మాట. వంకాయను కోసి గాలికి ఉంచినచో నల్లబడును. నూనె చిరకాలము నిలువయున్న కంపుకొట్టును. నాగటికర్రు తుప్పుపట్టును. ఇవన్నియు ఆమ్లజని యను ప్రాణవాయువు చేయు పనులే. ఆ వాయువు లేక మనము బ్రతుకలేము. కాని దేహము దానిని వాడుకొనునపుడు కొన్ని ఉద్రేక కణములు పుట్టును. రక్తనాళపు లోపొర నైట్రిక్ ఆక్సైడు అను మరియొక వాయువును పుట్టించి నాళమును సడలించుచుండును. ఈ రహస్యమును బయటపెట్టినందులకు 1998లో ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు నోబెలు బహుమానము వచ్చినది. ఉద్రేక కణములు పెచ్చు పెరిగినచో ఆ మంచి వాయువును హరించును, నాళము బిగియును. ఆ కణములను శాంతింపజేయు పదార్థములకే యాంటీ ఆక్సిడెంట్లని పేరు. పులుపు కాయలలోని విటమిను సి, నూనెగింజలలోని విటమిను ఇ, పండ్లకు పసుపును ఎరుపును ఇచ్చు కెరోటినులు, నేరేడునకు ఉసిరికి వగరునిచ్చు పాలీఫినాలులు ఈ జాతిలోనివే.

మిరప రైతులు సంతోషింపదగిన సంగతి యొకటి కలదు. హంగరీ దేశమందలి సెగెడ్ నగరమున ఆల్బర్ట్ సెంట్ గ్యార్గి యను పండితుడు విటమిను సిని విస్తారముగా తీసినది మిరపజాతి పండ్లనుండియే. ఆయనకు 1937లో నోబెలు బహుమానము లభించెను. ఖమ్మము మార్కెటుయార్డుకు బస్తాలలో చేరు ఎండుమిరపలో ఆ సి చాలవరకు నశించియుండును, రంగు మాత్రము నిలుచును. పచ్చిమిరపలో సమృద్ధిగా నున్నది గాని, ఎవరు గుప్పెడు నమలగలరు? ఉసిరి, జామలదే ఈ పనికి యోగ్యత.

ఇట్టి పదార్థములు ఎక్కువగా నున్న భోజనము చేయువారికి రక్తపు పోటు తక్కువగా వచ్చుననుటకు సాక్ష్యము కలదు. ఫ్రాన్సులో సుమారు 40 వేలమంది స్త్రీలను అనేక వత్సరములు కనిపెట్టి చూచి 2019లో ప్రకటించిన పరిశోధనలో, అందరికంటె ఎక్కువగా తినువారికి, అందరికంటె తక్కువగా తినువారితో పోల్చగా, ఈ రోగము సుమారు నూటికి 15 వంతులు తక్కువగా కనబడినది. అయితే ఆకుకూరలు, పండ్లు తినువారు ఇతర విషయములలోను జాగరూకులై యుండవచ్చును గదా! మేలు దేనివలన కలిగినదో దీనినిబట్టి తేల్చరాదు. అందుచే ఆ పదార్థమునే మాత్రగా చేసియిచ్చి చూచిరి. బ్రిటనులో 20 వేలకు పైబడిన జనులకు విటమిను ఇ, సి, కెరోటిను మాత్రలను అయిదేండ్లు ఇచ్చిరి. 2002లో వెలువడిన ఫలితము: గుండెపోటులు గాని పక్షవాతములు గాని తగ్గలేదు. ఫిన్లాండులో 29 వేలమంది పొగత్రాగువారిపై జరిపిన పరీక్షలో కెరోటిను మాత్రలు మ్రింగినవారికి ఊపిరితిత్తుల పుట్టకురుపు పెరిగినట్లు 1994లోనే తేలినది.

1940 ప్రాంతమున హిస్సారు క్షామములో చిగుళ్లు చెడి రక్తము కారు రోగమునకు ఉసిరిపొడి మంచి మందైనది. అది విటమిను సి లోపమువలన కలిగిన రోగము గనుక లోపము తీరగానే కుదిరెను. రక్తపు పోటు అట్టి ఒక్క లోపమువలన కలిగినది కాదు. సంతలో సీసాలమ్మువారు ఈ రెంటిని కలిపి చెప్పుదురు.

మరి భోజనముతో పోటు తగ్గదా? తగ్గును. అమెరికాలో 459 మందిపై జరిపి 1997లో ప్రకటించిన పరీక్షలో పండ్లు, కూరలు, వెన్నతీసిన పాలు హెచ్చుగా పెట్టి ఎనిమిది వారములు చూడగా, రోగము గలవారికి పై యంకె సుమారు 11 తగ్గినది. ఉప్పును మార్చకయే ఇంత జరిగినది. ఆ భోజనములో యాంటీ ఆక్సిడెంట్లే గాక పొటాసియము, పీచు మొదలైనవియు కలిసి యుండుటచే ఏ యొక్కదానికి ఘనతనిత్తుము? వానినన్నిటిని మన ఇండ్లలో తోటకూర, మునగాకు, చింతచిగురు, పొన్నగంటి ఇచ్చుచున్నవి. వేసవిలో తునికి, మొర్రి పండ్లు, తొలకరిలో నేరేడు, చలికాలమున రేగు, ఉసిరి అడవి అంచున దొరకును. మంచి కాయనంతను సంతకు పంపి పిల్లలకు మిగులుకాయ పెట్టు గృహస్థులు కొందరున్నారు. ఇది మాకు నచ్చని వ్యాపారము. ఆకుకూరను కోయకముందు కడిగి, కొద్ది నీటిలో మూతపెట్టి వండి, ఆ నీటిని పారబోయక పప్పులో కలుపవలెను.

కాని ఇంత చేసియు ఆవకాయ జాడీని, ఎండుచేపలను, చల్లమిరపకాయలను ప్రతి ముద్దకు నంజుకొన్నచో సగము ఫలము పోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు దినమునకు మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలునందురు. అది ఒక టీ చెంచాకు మించదు. ఉసిరికాయను ఉప్పులో ఊరవేసినది మందు కాదు, ఊరగాయయే. మజ్జిగలో ఉప్పు మానుట మొదట కష్టము. నెలనాటికి నాలుక అలవాటుపడును. తునికాకు కోత మన పల్లెలకు వేసవి కూలి నిచ్చుచున్నదని కృతజ్ఞతతోనే ఒప్పుకొందుము. ఆ ఆకుతో చుట్టిన బీడీ పొగయే పైజెప్పిన ఉద్రేక కణములను రక్తములో పుట్టించునని కూడ చెప్పక తప్పదు.

మూత్రపిండముల జబ్బు గలవారు పొటాసియము హెచ్చుగానున్న ఆకుకూరలను, పండ్లను, పొటాసియము కలిపిన ఉప్పును వైద్యునడిగియే వాడవలెను. పోటు మాత్రలు వాడువారు అంకె తగ్గినదని తమంత తాము మానరాదు. తగ్గినది మాత్రవలననే కావచ్చును.

ఆ వృద్ధ సభ్యుడు మాత్రలను మరల వేసికొనుచున్నాడు. మొన్న కొలిపింపగా పై యంకె 146 వచ్చినది. గట్టుమీది ఉసిరికాయలను ఇంటిలో పిల్లలు తినుచున్నారట. ఆవకాయ విషయమున మాత్రము ఇంకను బేరమాడుచున్నాడు.