మొదటి రైఫిల్ కొనబోయే అమ్మాయికి

టెక్సాస్‌లో ఉంటున్న మా తమ్ముడి కూతురు ఈ ఏడాది జింకల వేటకు వెళ్తానంది. ఇండియాలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వల్ల ఇప్పుడు ఆ ఊసే లేదు. టెక్సాస్‌లో లైసెన్సు తీసుకుని సీజన్‌లో వెళ్లడం మామూలే. ఏ రైఫిల్ కొనాలని అడిగితే నేను చెప్పినవి:

1. ఆడపిల్లవని షాపువాడు ఆరు పౌన్ల లోపు రైఫిల్ చేతిలో పెడతాడు. తీసుకోకమ్మా. ఒకే తూటాకు, బరువు తగ్గేకొద్దీ తుపాకీ గట్టిగా తన్నుతుంది. స్కోపుతో కలిపి ఏడున్నర, ఎనిమిది పౌన్లున్నా ఫర్వాలేదు. మీ వేట చాలావరకు బ్లైండ్‌లో, అంటే జింకకు కనపడకుండా దాక్కునే చోట, కూర్చునే కదా, మోసేదెంత?

2. అన్నిటికంటే ముందు కొలత చూడు. ట్రిగ్గర్ నుంచి బట్ చివరిదాకా మామూలు రైఫిల్ పదమూడున్నర అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. ఐదడుగుల రెండంగుళాల మనిషికి అది పొడవే. పొడవైతే నడుము వెనక్కి వంగుతుంది, మెడ సాగుతుంది, చెంప స్టాక్ మీద కుదరదు, గొట్టం ఊగుతుంది. పన్నెండున్నర అంగుళాల కాంపాక్ట్ మోడళ్లుంటాయి. పిల్లల తుపాకీ అని చిన్నబుచ్చుకోకు. వెదర్‌బీ కమిల్లా లాంటివి ఆడవాళ్ల ఒళ్లు చూసి చేసినవే. గులాబీ రంగు పూసి అమ్మేవి వేరు, వాటి జోలికి పోకు. చూడ్డానికి వెళ్లేటప్పుడు చలికోటు వేసుకునే వెళ్లు. నవంబరు తెల్లవారుజామున దాని మందం కూడా కొలతలోకే వస్తుంది.

3. కాలిబర్ విషయానికొస్తే, 1955లో వచ్చిన 243 వించెస్టర్ చాలు. తన్ను 308 వించెస్టర్‌లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. తూటా మాత్రం జింకకని చేసిన 95, 100 గ్రెయిన్లదే వాడు. నక్కల కోసం చేసిన తేలిక తూటాలు వద్దు. ఇంకొంచెం బలం కావాలంటే 6.5 క్రీడ్‌మూర్, లేదా 7ఎంఎం-08. మీ ఆయన 30-06 అంటాడు, అననీ.

4. భుజం కంటే ముందు చెవి భయపడుతుంది. ఇయర్ ప్లగ్‌లు పెట్టుకుని, వాటిమీద మఫ్‌లు కూడా వేసుకో. మొదట 22 రిమ్‌ఫైర్‌తో నేర్చుకో, తూటాలు చవక. జింకకు మాత్రం టెక్సాస్‌లో దాన్ని వాడనివ్వరు.

5. నీకు ఎడమ కన్ను బలమైనదేమో ముందే చూసుకో. అయితే ఎడమచేతి వాటం రైఫిల్ అడగొచ్చు.

6. స్కోపు కంటికి మూడున్నర అంగుళాల దూరంలో ఉండాలి. దగ్గరైతే కనుబొమ్మ చిట్లుతుంది. దాన్ని షాపువాడి లెక్కకు కాదు, నువ్వు రైఫిల్ భుజానికి పెట్టుకున్నాకే బిగించమను.