వై-ఫై సంధానం: నాలుగు మెట్లు

హైదరాబాదులో విమానమెక్కి అమెరికాలోని బిడ్డల వద్దకు బయలుదేరిన తల్లిదండ్రులు దోహాలోనో, దుబాయిలోనో విమానం మారవలసి రావడం పరిపాటి. విమానాశ్రయంలోని ఉచిత వై-ఫైకి ఫోను కలిసినట్లు గుర్తు కనిపిస్తుంది. ‘క్షేమంగా దిగాము’ అన్న సందేశం మాత్రం కదలదు. ఇటు పిల్లలకు ఆందోళన, అటు పెద్దలకు అయోమయం. అంతమాత్రాన ఫోను చెడిపోయిందనుకోరాదు. సంధానం ఒకే క్రియ కాదు. వరుసగా ఎక్కవలసిన నాలుగు మెట్లు. ఎక్కడ ఆగిందో గ్రహిస్తే పరిష్కారం సులభం.

మొదటిది గుర్తింపు. హాట్‌స్పాట్ సాధారణంగా సెకనుకు సుమారు 10 సార్లు రేడియో తరంగాల ద్వారా తన ఉనికిని చాటుతుంది. ఫోను దానిని ఆలకించి పేరును చూపుతుంది. దూరం, గోడలు దీనికి అవరోధాలు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకైతే సమీపాన పనిచేసే మైక్రోవేవ్ ఓవెన్ కూడ అవరోధమే. పేరు వచ్చి పోతూ ఉంటే పరికరానికి దగ్గరగా జరగాలి.

రెండవది పాస్‌వర్డ్ పరీక్ష. హాట్‌స్పాట్ యజమాని పాస్‌వర్డ్ మార్చినా ఫోను తాను దాచుకున్న పాతదానితోనే పదే పదే ప్రయత్నించవచ్చు. అప్పుడు ఆ పేరును ‘ఫర్గెట్’ చేసి కొత్తగా చేరాలి.

మూడవది చిరునామా. ప్రతి ఫోనుకూ ఒక ఐ.పి. చిరునామా కొంత గడువుకు అద్దెకిచ్చినట్లు లభిస్తుంది. జనసమ్మర్దం వల్ల అవి నిండుకుంటే కొత్తవారికి దొరకవు. కొన్ని ఫోనులు అప్పుడు 169.254తో మొదలయ్యే సంఖ్యను తమకు తామే కల్పించుకుంటాయి. దానితో ఇంటర్నెట్ అందదు. వై-ఫైని ఆపి, కొద్దిసేపటి తరువాత మరల ప్రయత్నించాలి.

నాలుగవది అనుమతి పుట. విమానాశ్రయాలలో తరచు చిక్కు వచ్చేది ఇక్కడే. నిబంధనలకు సమ్మతి తెలిపే పుట తెరుచుకోనంతవరకు ద్వారం మూసే ఉంటుంది. ‘హెచ్‌టిటిపిఎస్’తో మొదలయ్యే పుటలు సీలు వేసిన కవర్ల వంటివి, హాట్‌స్పాట్ వాటి నడుమ తన పుటను చొప్పించలేదు. అందుచేత బ్రౌజరులో చివరి ‘ఎస్’ లేని ‘హెచ్‌టిటిపి’ చిరునామా ఒకటి తెరిస్తే అనుమతి పుట సాధారణంగా ప్రత్యక్షమవుతుంది. కొన్నిచోట్ల ఓ.టి.పి. కూడ అడుగుతారు, విదేశంలో రోమింగ్ లేని సిమ్‌కు అది చేరదు. అక్కడి సహాయ కేంద్రాన్ని అడగడమే మార్గం.

పునస్సంధానానికి ఓర్పు అవసరం. 1997లో వెలువడిన 802.11 ప్రమాణంలోనే ఒక నియమం ఉంది: పంపిన సమాచారం ఇతరులదానితో ఢీకొని విఫలమైతే, వేచి ఉండవలసిన కాలపు గరిష్ఠ పరిమితి ఒక హద్దు వరకు రెట్టింపవుతూ పోతుంది. అందరూ ఒక్కసారిగా తోసుకుంటే ఎవరికీ దారి దొరకదు గదా! ఆండ్రాయిడ్ ఫోనులు కూడ పలుమార్లు విఫలమైన హాట్‌స్పాట్‌ను కొంతసేపు పక్కన పెడతాయి. ఆత్రంగా మీట నొక్కినంత మాత్రాన ఫలితముండదు.

ప్రయాణానికి ముందే ఈ నాలుగు మెట్లను తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసి అమ్మానాన్నల పాస్‌పోర్టుతోపాటు ఉంచడం మేలు. సందేశం ఆలస్యమైనప్పుడు, ఏదో ఒక మెట్టు వద్ద ఆగి ఉండవచ్చునన్న ఎరుక ఇరువైపులా ధైర్యాన్నిస్తుంది.