ఆయిలింజను పొగ - దాని విరుగుడు

మా పొలం కాలువ చివరిది. నీళ్లెక్కాలంటే ఆయిలింజను పెట్టక తప్పదు. తెల్లవారుజామున నాన్న హ్యాండిలు తిప్పగానే రేకుల కొట్టమంతా నల్లటి పొగ కమ్మేది. తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చునేవాడు. "పొగకేం అవుతుందిరా" అనేవాడు. దగ్గు మాత్రం కోతలయినా తగ్గేది కాదు. ఆ పొగ సంగతేమిటో చదివి తెలుసుకున్నంత మీ ముందుంచుతున్నాను.

పొగలో ఏముంది?

డీజిల్ ఇంజనుకు స్పార్కు ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే, అందులోకి చిమ్మిన నూనె అంటుకుంటుంది. గాలి చాలని చోట నూనె సరిగా కాలక మసి అవుతుంది. మంట బాగా వేడెక్కిన చోట గాలిలోని నత్రజని, ప్రాణవాయువు కలిసి నత్రజని ఆక్సైడులు పుడతాయి. వీటికి తోడు కార్బన్ మోనాక్సైడు, కాలీకాలని హైడ్రోకార్బన్లు. మసి రేణువులు ఎంత సన్నవంటే ఊపిరితిత్తుల లోతుల దాకా పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో డీజిల్ పొగను క్యాన్సర్ కలిగించేదని తేల్చింది. నాన్న "ఏం అవుతుందిరా" అన్నది ఈ పొగనే!

విరుగుళ్లు

మొదటిది ఉత్ప్రేరకం. తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మెకు ప్లాటినం, పల్లాడియం పూత పూస్తారు. దాని మీదుగా పోయే కార్బన్ మోనాక్సైడు బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. నత్రజని ఆక్సైడులకు వేరే ఉత్ప్రేరకం కావాలి. దానికి తోడు యూరియా! మనం చేలో చల్లేదే, కాకపోతే బాగా శుద్ధి చేసినది. నూటికి 32.5 పాళ్ల ద్రావణాన్ని వేడి పొగలోకి చిమ్మితే అమ్మోనియా పుట్టి, ఆక్సైడులను మామూలు నత్రజనిగా, నీరుగా మారుస్తుంది.

రెండవది వడపోత. ఇందులోని సన్నని గొట్టాలకు ఒకదానికి ఈ చివర, పక్కదానికి ఆ చివర మూత ఉంటుంది. పొగ గోడల గుండా దూరి పోవాలి, మసి నిలిచిపోతుంది. నిండితే ఇంజను ఉక్కిరిబిక్కిరవుతుంది కనుక దాన్ని కాల్చెయ్యాలి. మసి దానంతటది కాలడానికి సుమారు 600 డిగ్రీల సెల్సియస్ కావాలి. మామూలుగా పొగకు అంత వేడి ఉండదు.

అక్కడే మూడవది, నూనెలో కలిపే మందు, పనికొస్తుంది. సీరియం లేదా ఇనుము సమ్మేళనం కొద్దిగా కలిపితే మసి సుమారు 450 డిగ్రీలకే కాలుతుంది. ప్యూజో కంపెనీ 2000లో తన 607 కారులో ఈ పద్ధతినే పెట్టింది.

వీటన్నిటికీ శత్రువు గంధకం. అది ఉత్ప్రేరకాన్ని పాడుచేస్తుంది. అందుకే 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశమంతటా డీజిల్‌లో గంధకాన్ని పది లక్షల పాళ్లకు 10 పాళ్లకు మించకుండా కట్టడి చేశారు.

మరి మా ఇంజనుకో?

ఇవేవీ దానికి అతకవు. కందెన నూనె కూడా తాగే పాత ఇంజనుకు వడపోత పెడితే త్వరగా పూడుకుపోతుంది. అందుకని మెకానిక్కును పిలిచి నాజిలు, టైమింగు సరిచేయించాం. గాలి ఫిల్టరు శుభ్రం చేశాం. కిరసనాయిలు కలపడం మానేశాం. పొగగొట్టాన్ని కప్పు పైదాకా పొడిగించాం. నల్లపొగ చాలావరకు తగ్గింది. ఇంకొక మాట: ఇంజనును నూతిలోకి మాత్రం దించవద్దు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు. మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

ఇప్పుడు నాన్న దూరంగా వేపచెట్టు కింద కూర్చుంటున్నాడు. "పొగ పోయిందిరా" అన్నాడు మొన్న. "కొట్టంలోంచి పోయింది నాన్నా, గాలిలోంచి పోలేదు" అన్నాను. పేదరైతు కొనగలిగే విరుగుడు ఇంకా రావాలి. మిత్రులారా, ఆ పని సైన్సు చదివే మనది కాక మరెవరిది?