రౌటరునకు స్వంత ప్రోగ్రామును ప్యాకేజిగా కట్టు విధము

ఇండ్లయందును బడులయందును గోడకు తగిలించియుండు రౌటరు గూడ ఒక చిన్న కంప్యూటరే. దానియందు ప్రాసెసరును మెమొరీయు గలవు. దానిని నడపు ప్రోగ్రాముల సముదాయమునకు ఫర్మ్‌వేరని పేరు. 2003వ సంవత్సరమున లింక్‌సిస్ కంపెనీవారు తమ డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటరు ఫర్మ్‌వేరు మూలమును వెల్లడింపవలసివచ్చెను. అందు వాడిన లినక్సు జీపీఎల్ అను లైసెన్సునకు లోబడినది. ఆ లైసెన్సు ప్రకారము ప్రోగ్రామును పంచువారు మూలమును గూడ ఈయవలెను. ఆ మూలమును ఆధారముగా గొని 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అను స్వేచ్ఛా ఫర్మ్‌వేరు పుట్టినది. మనము వ్రాసిన ప్రోగ్రామును దానియందు చేర్చు విధమును వివరించెదను.

గుంటూరు మిరప యార్డునకు సరకు తోలు రైతునకు పనికివచ్చు లెక్కను ఉదాహరణముగా తీసికొందము. తూకమును కిలోలలోను, ధరను క్వింటాలునకును ఇచ్చినచో వచ్చు పైకమును ప్రోగ్రాము తెలుపవలెను. క్వింటాలు 12,000 రూపాయలైనచో 45 కిలోల టిక్కీకి 5,400 రూపాయలు. సీ భాషలో ఇది పది పంక్తుల పని.

అయినను, ఇంటి కంప్యూటరుపై కంపైలు చేసిన ఫైలును అట్లే పంపినచో రౌటరుపై నడువదు. రౌటరులలోని మిప్స్, ఆర్మ్ ప్రాసెసరుల ఆదేశభాష వేరు. సీ లైబ్రరీయు వేరే: సామాన్య లినక్సు కంప్యూటరులందు తఱచుగా జీలిబ్‌సీ యుండగా, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ యందు చిన్నదియగు మసల్ గలదు. కావున పెద్ద కంప్యూటరుపైననే రౌటరు భాషలోనికి మార్చు క్రాస్ కంపైలరు కావలెను. దానితో గూడిన ఎస్‌డీకే అను పరికరసముదాయమును ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీవారే యిచ్చుచున్నారు. మన రౌటరు జాతికిని, దానిలోని విడుదలకును సరిపోవుదానినే తెచ్చుకొనవలెను.

ఇచ్చట కొంత నిలిచి చూడవలసిన విషయము గలదు. 64 బిట్ల లినక్సు కంప్యూటరుపై సీ భాషలోని ‘లాంగ్’ సంఖ్యకు 64 బిట్లు. 32 బిట్ల రౌటరుపై 32 మాత్రమే. అందు పట్టు గరిష్ఠసంఖ్య 2,14,74,83,647. ఒక వ్యాపారి 2,00,000 కిలోల సరకునకు 12,000 ధర నిచ్చినచో, నూటితో భాగించుటకు ముందే గుణితము 2,40,00,00,000 అగును, పాత్ర పొంగిపోవును. ఇంటివద్ద సరిగా వచ్చిన లెక్క రౌటరుపై ఋణసంఖ్యగా కనబడవచ్చును, రైతునకు రావలసిన పైకము అప్పుగా తేలును! కంపైలరు దీనిని గూర్చి హెచ్చరింపదు. ‘లాంగ్ లాంగ్’ వాడినచో ఎచ్చటనైనను 64 బిట్లకు తక్కువ యుండవు.

ఇక ప్యాకేజి సంగతి. ప్రోగ్రాము మూలమును ‘ఎస్‌ఆర్‌సీ’ అను ఫోల్డరునందుంచి, దాని పై ఫోల్డరునందు మేక్‌ఫైలు వ్రాయవలెను. ఇది పత్తి బేలుకు కట్టు చీటివంటిది. అయితే చీటి సరకును తెలిపి యూరకుండును, మేక్‌ఫైలు పనిని గూడ చేయించును. మొదట ప్యాకేజి పేరు, వెర్షను సంఖ్య. పిమ్మట అది యే వర్గమునకు చెందినది, ఏ యితర ప్యాకేజులపై ఆధారపడునది. మన ప్రోగ్రామునకు సీ లైబ్రరీ తప్ప మఱేమియు నక్కఱలేదు. తరువాత కంపైలు చేయు ఆజ్ఞ: ఇందు ‘జీసీసీ’ యని నేరుగా వ్రాసినచో మరల ఇంటి కంప్యూటరు భాషయే వచ్చును గాన, ‘టార్గెట్ సీసీ’ అను చరరాశిని వాడవలెను. ఫైలును ‘యూఎస్‌ఆర్ బిన్’ నందుంచు ఆజ్ఞయు, చివర ‘బిల్డ్ ప్యాకేజ్’ పిలుపును వ్రాయవలెను. ఈ పిలుపు లేనిచో తక్కినదంతయు వ్యర్థము. ఆజ్ఞల పంక్తులకు ముందు ఖాళీలు గాక ట్యాబునే నొక్కవలెను. చూపునకు రెండు నొక్కటే, మేకునకు గాదు.

మన ఫోల్డరును ఫీడుగా చేర్చి, మెనూకాన్ఫిగ్ నందు ప్యాకేజి పేరునెదుట ‘ఎం’ గుర్తు పెట్టి కంపైలు చేసినచో, ‘బిన్’ ఫోల్డరునందు ప్యాకేజి ఫైలు దొరకును. రౌటరుపై దానిని స్థాపించుటకు 24.10 విడుదల వరకు ఓపీకేజీ, తరువాతివానియందు ఏపీకే అను సాధనము వాడుదురు.

ఇట్లు స్థాపించినది ఫ్లాషు మెమొరీయందు వ్రాయుటకు వీలగు పైపొరలో నుండును గాన, రౌటరును ఫ్యాక్టరీ స్థితికి రీసెట్ చేసినచో చెఱిగిపోవును. సంపూర్ణ ఫర్మ్‌వేరును మనమే నిర్మించుకొని, ‘ఎం’ గుర్తునకు బదులు నక్షత్రపు గుర్తు పెట్టినచో, ప్రోగ్రాము మార్పరాని అడుగుపొరలో చేరి రీసెట్‌కును నిలుచును. అడుగుపొర కుదించబడియుండును గనుక స్థలము గూడ తక్కువ పట్టును. అయితే దానిని పిమ్మట తొలగించినను ఆ స్థలము తిరిగి రాదు.