ఇంటికి వెల కట్టేది ఎవరి కోసం?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్నాం. అప్పుడు బ్యాంకు అప్రైజల్ చేయించింది. ఇప్పుడు కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ నుంచి నోటీసు వచ్చింది. అందులో మార్కెట్ వాల్యూ, అప్రైజ్డ్ వాల్యూ, అసెస్డ్ వాల్యూ అన్నీ ఒకే అంకె, అదీ మేం కొన్న ధర కంటే ఎక్కువ. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసినప్పుడు అప్రైజల్ అంటే జీతం పెరగడమనే అనుకునేదాన్ని. ఈ మాటలకు అర్థమేమిటి? ఈ వెల ఒప్పుకోవాల్సిందేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఒప్పుకోనక్కర్లేదమ్మా. ముందు మాటల సంగతి. అప్రైజ్ అంటే వస్తువును పరిశీలించి దాని వెల ఇంత అని తేల్చడం. మన బ్యాంకుల్లో బంగారం మీద అప్పు ఇచ్చేముందు అప్రైజర్ చేసే పని అదే. అసెస్ అంటే పన్ను వేయడానికి లెక్క కట్టడం. ఊళ్లో ఇంటిపన్ను రసీదు మీద అసెస్‌మెంట్ నంబరు చూసే ఉంటారు.

మీ బ్యాంకు అప్రైజర్ ఇంట్లోకి వచ్చి చూసింది అప్పుకు ఆ ఇల్లు సరిపోతుందా అని. అప్రైజల్ డిస్ట్రిక్ట్ వాళ్లు ఒక్కో ఇంట్లోకీ రారు. చుట్టుపక్కల అమ్మకాలను బట్టి వేల ఇళ్లకు ఒకేసారి, జనవరి 1 నాటికి వెల కడతారు. మీ వంటింటి పైకప్పు కారుతున్న సంగతి వాళ్లకెలా తెలుస్తుంది? మీరే చెప్పాలి. అలా చెప్పుకునే నిరసన పత్రానికి గడువు మే 15, లేదా వాళ్లు నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజులు, ఏది తర్వాతైతే అది. కొన్నప్పటి ధర కాగితాలు, మరమ్మతు అంచనాలు, ఫోటోలు, మీలాంటి ఇళ్లకు వాళ్లు కట్టిన వెలలు దగ్గర పెట్టుకోండి. వాళ్ల ఆధారాలూ ముందుగా అడిగి తీసుకోండి, అది మీ హక్కు. ముందు సిబ్బందితో మాట్లాడవచ్చు, తేలకపోతే రివ్యూ బోర్డు ముందు చెప్పుకోవచ్చు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది వేరే. అన్నీ ఒకే అంకె అన్నారు. హోమ్‌స్టెడ్ మినహాయింపుకు దరఖాస్తు అసలు పెట్టారా? మీరు నివసించే సొంత ఇంటికి ఆ మినహాయింపు వచ్చాక, మరుసటి ఏడాది నుంచి అప్రైజ్డ్ వాల్యూ ఏటా 10 శాతానికి మించి పెరగకూడదు. మార్కెట్ వాల్యూ అంతకు మించి ఎగబాకిన ఏడాది ఆ రెండు అంకెలూ విడిపోతాయి. పైగా బడి పన్ను లెక్కలో 1,40,000 డాలర్లు తీసేస్తారు. 2025 నవంబరులో ఓటర్లు ఒప్పుకోవడంతో లక్ష నుంచి అంతకు పెరిగింది. దరఖాస్తుకు ఫీజు లేదు, డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ ఇంటి చిరునామానే ఉండాలి. పాత ఏడాదిది మరిచిపోయినా, ఆ పన్ను కట్టే గడువు దాటాక రెండేళ్ల వరకు తీసుకుంటారు. నిరసన కంటే ముందు ఈ పని చూడండి.

ప్రశ్న: అమ్మ ఇచ్చిన హారానికి ఇన్సూరెన్స్ వాళ్లు అప్రైజల్ అడుగుతున్నారు. విజయవాడ కొట్టు బిల్లు చాలదా?
- న్యూజెర్సీ నుంచి

జవాబు: పాత బిల్లు ఆనాటి ధర చెబుతుంది. వాళ్లకు కావలసింది ఈ రోజు అలాంటి హారం ఇక్కడ మళ్లీ కొనాలంటే ఎంతవుతుందన్నది. మామూలు ఇంటి పాలసీల్లో నగల దొంగతనానికి 1,500 డాలర్ల పరిమితి తరచుగా ఉంటుంది కాబట్టి హారాన్ని విడిగా చేర్పించడం మంచిదే. కాగితం మీద రాసిన వెల అమ్మితే వచ్చేది కాదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కట్టిన వెలలో శాతం చొప్పున ఫీజు అడిగే అప్రైజర్ దగ్గరికి వెళ్లకండి. ఎక్కువ రాస్తే ఏటా ప్రీమియం కట్టేది మీరే.