మీది ఏ రాష్ట్రం? దరఖాస్తులో ఒక గడి

కొత్త బడిలో చేరిన మొదటిరోజే మనల్ని అడిగే ప్రశ్న: "మీదేవూరు?" తాతగారి ఊరు చెప్పాలా, నాన్నగారి పోస్టింగ్ ఉన్న ఊరు చెప్పాలా అని ఒక్క క్షణం ఆగుతాం. మాటల్లో ఎలాగో నెట్టుకొస్తాం. స్కాలర్‌షిప్ దరఖాస్తులో మాత్రం ఆ గడిలో ఒక్క రాష్ట్రం పేరే రాయాలి.

కిందటేడాది పదకొండో తరగతి అమ్మాయి ఒకరు మా దగ్గరికి వచ్చి, "మేడమ్, గుర్రాల డాక్టర్ కావాలంటే ఏం చదవాలి?" అని అడిగింది. అంతకుముందు వాళ్ళ కుటుంబం రాజస్థాన్‌లో ఉండేది. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదానికొకటి తాకేలా ఉండే మార్వారీ గుర్రాలను అక్కడ చూసిందట. ఇద్దరం కూర్చుని వివరాలు వెతికాం.

గుర్రాల చికిత్సకు దారి పశువైద్య డిగ్రీ మీదుగానే. అది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్ళు. నీట్ రాయాలి. పశువైద్య కళాశాలల్లో 15 శాతం సీట్లను అఖిల భారత కోటాలో భారత పశువైద్య మండలి భర్తీ చేస్తుంది. ఆ తరువాత గుర్రాల మీద పరిశోధన చేయాలంటే హర్యానాలోని హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది, దాని శాఖ బికనీర్‌లో ఉంది. సైన్యంలోని రిమౌంట్ వెటర్నరీ కోర్ కూడా పశువైద్య పట్టభద్రులను అధికారులుగా తీసుకుంటుంది.

వ్యవసాయం, ఉద్యానవనం, అటవీశాస్త్రం వంటి కోర్సులది మరో దారి. రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో కొంత వాటా సీట్లను భారత వ్యవసాయ పరిశోధన మండలి, అంటే ఐకార్, సీయూఈటీ మార్కులతో నింపుతుంది. ఇలా చేరి, సొంత రాష్ట్రం బయట చదివేవారికి నేషనల్ టాలెంట్ స్కాలర్‌షిప్ ఉంది. పశువైద్యం సీట్ల కౌన్సెలింగ్ వేరు కాబట్టి ఈ రెండింటినీ కలిపి చూడకండి.

"సొంత రాష్ట్రం బయట" అన్న మాట దగ్గరే మన పిల్లలు తడబడతారు. సొంత రాష్ట్రం అంటే ఇప్పుడు మీరుంటున్నది కాదు, మీ నివాస ధ్రువపత్రంలో ఉన్నది. ఆంధ్రప్రదేశ్ పత్రం ఉండి, హర్యానాలో ఇంటర్ చదివి, ఐకార్ కౌన్సెలింగ్‌లో హర్యానాలోనే సీటు వచ్చిందనుకోండి. ఇంటి పక్కనే కళాశాల ఉన్నా మీరు బయటివారే, స్కాలర్‌షిప్‌కు అర్హులే. అదే బాపట్ల వ్యవసాయ కళాశాలకు వస్తే, వందల మైళ్ళు ప్రయాణించినా సొంత రాష్ట్రమే, ఆ డబ్బు రాదు. కాబట్టి పత్రం ఏ రాష్ట్రానిదో ముందే తేల్చుకోవాలి. రెండు రాష్ట్రాల నుంచి రెండు పత్రాలు తీసుకోవడం మాత్రం వద్దు.

ఇక్కడ తెలుగు మాటల్లో ఒక తేడా కూడా గమనించండి. "నివాసం" వేరు, "స్థానికత" వేరు. తెలుగు రాష్ట్రాల కోటాలో స్థానికతకు, అర్హత పరీక్షకు ముందు వరుసగా ఎక్కడ చదివామో చూస్తారు. తాతల కాలం నుంచీ గుంటూరువారే అయినా, బడంతా బయట చదివితే స్థానికత దొరక్కపోవచ్చు. ఇది మాకూ చాలాకాలం అన్యాయంగానే తోచింది, ఇప్పటికీ కొంత తోస్తుంది.

ఇక పేరు. మన ఇంటిపేరు ముందు వస్తుంది, ఉత్తరాది బడుల్లో దాన్ని చివరికి తోస్తారు. మా పాత విద్యార్థి ఒకడికి పదో తరగతి మార్కుల జాబితాలో పూర్తి ఇంటిపేరు చివర ఉంది, బ్యాంకు పుస్తకంలో ముందు "కె." అని ఒక్క అక్షరమే ఉంది. కె. అంటే కోనేరో కొండపల్లో కంప్యూటర్ అడగదు కదా! ఉపకారవేతనం నెలల తరబడి ఆగింది. మెస్ బిల్లుకు వాళ్ళ నాన్నగారు అప్పు చేశారు. మార్కుల జాబితా, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింట్లోనూ పేరు అక్షరం పొల్లు పోకుండా ఒకేలా ఉందా అని ఈ వారమే చూసుకోండి. సవరణ ఏదైనా ఉంటే పన్నెండో తరగతి పరీక్షలకు ముందే చేయించుకోవాలి.

ఆ అమ్మాయి నీట్, సీయూఈటీ రెండూ రాయాలని నిర్ణయించుకుంది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తాతగారు రేషన్ కార్డు పట్టుకుని తహసీల్దారు కార్యాలయానికి తీసుకెళ్ళారట. "మీ మనవరాలు ఎప్పుడైనా ఇక్కడ ఉందా?" అని అక్కడి గుమాస్తా అడిగితే, "ప్రతి సెలవులకీ" అన్నారట తాతగారు. పత్రం ఇంకా చేతికి రాలేదు, ఎదురుచూస్తున్నాం.