పంచాయతీ కంప్యూటరుకు తగిన ర్యామ్‌ను ఎన్నుకొనుట

నేడు గ్రామ పంచాయతీల జమాఖర్చులు కంప్యూటరు ద్వారా నడచుచున్నవి. 2020 ఏప్రిల్ 24వ తేదీన ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్‌లో ప్రణాళికలు, చెల్లింపులు, లెక్కలు నమోదగుచున్నవి. కార్యాలయములోని కంప్యూటరు మందగించినచో, చిన్న పనికై వచ్చిన రైతు సైతము గుమ్మము ముందు గంటల తరబడి నిలువవలసి వచ్చును. అట్టి సమయమున, “ర్యామ్ పెంచిన సరిపోవును” అని ఎవరో ఒకరు సలహా చెప్పుదురు. సలహా మంచిదే కావచ్చును. కాని సరిపడని ర్యామ్‌ను కొన్నచో గ్రామ నిధి వ్యర్థమగును, పనియు నిలిచిపోవును. కావున ఖర్చును మంజూరు చేయు సభ్యులు ఈ విషయమును కొంత తెలిసికొనుట అవసరము.

ర్యామ్ అనగా నేమి?

కార్యాలయములో రికార్డులన్నియు బీరువాలో నుండును. గుమాస్తా అప్పటికి కావలసిన కాగితములను మాత్రమే బల్లపై పరచుకొనును. కంప్యూటరులో హార్డు డిస్కు బీరువా వంటిది. ర్యామ్ బల్ల వంటిది. బల్ల చిన్నదైనచో మాటిమాటికి బీరువా వద్దకు పోవలసి వచ్చును. మందగమనమునకు ఇది ఒక కారణము. కాని ఇదియే ఏకైక కారణము కాదు.

మొదట పరీక్ష

పని ముమ్మరముగా సాగునపుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒకేసారి నొక్కినచో టాస్క్ మేనేజరు తెరచుకొనును. అందు ‘పెర్ఫార్మెన్స్’ విభాగములో ‘మెమొరీ’ని చూడవలెను. వాడకము తరచుగా 90 శాతము సమీపమున నున్నచో ర్యామ్ చాలలేదని భావింపవచ్చును. మెమొరీ సగము ఖాళీగా నుండియు, డిస్కు ఎల్లపుడు 100 శాతము చూపుచున్నచో, పాత హార్డు డిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. అమర్చుట మేలు. విండోస్ 32 బిట్ల రకమైనచో సాధారణముగా 4 జి.బి.కి మించిన ర్యామ్‌ను అది వాడుకొనజాలదు. ఇదియు ముందుగనే చూడవలెను.

గమనింపవలసిన అంశములు

1. తరము: ర్యామ్‌లో డి.డి.ఆర్.3, డి.డి.ఆర్.4, డి.డి.ఆర్.5 అను తరములు కలవు. ఒక తరమునకు చెందినది మరియొక తరపు మదర్‌బోర్డులో పనిచేయదు. డెస్క్‌టాప్ డి.డి.ఆర్.3కి 240 కాళ్లు, తక్కిన రెండింటికి 288 కాళ్లు ఉండును. కాళ్ల మధ్యనున్న గాడి స్థానము ఒక్కొక్క తరమునకు వేరుగా నుండును. దిగకున్నచో బలవంతము చేయరాదు, స్లాట్ విరుగును. ఇంటెల్ 12వ తరము ప్రాసెసర్లతో కొన్ని బోర్డులకు డి.డి.ఆర్.4, కొన్నింటికి డి.డి.ఆర్.5 కావలెను. కావున కొనిన సంవత్సరమును బట్టి గాక, బోర్డు నమూనా పేరును బట్టి నిర్ణయింపవలెను.

2. ఆకారము: చిన్న పెట్టెలలో వచ్చు కొన్ని డెస్క్‌టాప్‌లకు ల్యాప్‌టాప్‌లలో వాడు పొట్టి ర్యామ్ కావలెను.

3. పరిమితి: స్లాట్లు ఎన్ని, ఒక్కొక్క దానిలో ఎన్ని జి.బి. వరకు పట్టును అనునది తయారీదారు పట్టికలో ఉండును. ఎన్ని స్లాట్లు వాడుకలో నున్నవో టాస్క్ మేనేజరే చూపును.

4. వేగము: జోడెడ్లలో ఒకటి మందగామి యైనచో రెండవదియు దాని నడకనే నడచును. 2400 వేగముగల ర్యామ్ ప్రక్కన 3200 వేగముగల దానిని ఉంచినచో, సాధారణముగా రెండును 2400 వేగముననే పనిచేయును. సమానమైన రెండింటిని జతగా అమర్చుట శ్రేష్ఠము.

5. రకము: సర్వర్లకు ఉద్దేశించిన రిజిస్టర్డ్ ర్యామ్ సాధారణ డెస్క్‌టాప్‌లో పనిచేయదు. ‘ఎ.ఎం.డి.కి మాత్రమే’ అని అమ్ము చౌక సరకు ఇంటెల్ యంత్రములకు పనికిరాదు.

పాత యంత్రముపై ఖర్చు తగునా?

విండోస్ 10కు సాధారణ భద్రతా సహాయము 2025 అక్టోబరు 14వ తేదీన ముగిసినది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 కావలెను; ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా 8వ తరము మొదలుకొని యున్నవియే అర్హములు. డి.డి.ఆర్.3 వాడు యంత్రములు సామాన్యముగా అంతకు పూర్వపువి. గ్రామ ధనమునకు సంబంధించిన చెల్లింపులు జరుగు యంత్రమునకు భద్రత ముఖ్యము. అట్టి దానికి ర్యామ్ కొనుటకు ముందు, ఆ ధనమును క్రొత్త యంత్రమునకై నిలుపుట మేలేమో ఆలోచింపవలెను.

కొనునపుడు, అమర్చునపుడు

కొటేషనులో జి.బి., తరము, వేగము, వారంటీ స్పష్టముగా వ్రాయించవలెను. సరిపడనిచో తిరిగి తీసికొనెదమను షరతును చేర్చవలెను. యంత్రము వారంటీలో నున్నచో పెట్టెను తెరచుటకు ముందు కంపెనీ నిబంధనలు చూడవలెను. అమర్చుటకు ముందు కరెంటు తీగను ఊడదీసి, పెట్టె లోహభాగమును చేతితో తాకవలెను. గాడిని సరిచూచి, క్లిప్పులు పట్టుకొనువరకు ర్యామ్‌ను నొక్కవలెను. పిమ్మట మొత్తము జి.బి. కనబడుచున్నదో లేదో చూచి, విండోస్ మెమొరీ పరీక్షను నడిపించి, ఆ తరువాతనే బిల్లు చెల్లించుట మంచిది. తీసివేసిన పాత ర్యామ్‌ను స్టాకు రిజిస్టరులో నమోదు చేయవలెను.

తీర్మానమునకు ముందు పది నిమిషములు పరిశీలించినచో గ్రామ ధనము నిలుచును. గుమ్మము ముందు వేచియున్న రైతు పనియు త్వరగా నెరవేరును.